రాట్నం విప్పి చక్రం కుట్టిన మామ్మ

మా పక్కింటి మామ్మ పోయిన బుధవారం కన్నుమూసింది. బరంపురం వైపు చికిటి దగ్గర మా ఊళ్లో మొదటి స్వాతంత్ర్య దినాన ఎగిరిన జెండా ఆమె చేతి మీదుగా తయారైందే. ఆ సంగతి చాలామందికి తెలియదు. నేను బడిపంతులుగా చేరిన ఏడాది, చిరిగిన జెండా కుట్టించడానికి వెళితే, మిషను తొక్కుతూ చెప్పింది.

అప్పటికి ఆమెకు పదహారేళ్లు. బడి మాస్టారు గిరిసోలలో రైలెక్కి బరంపురం వెళ్లి, ఏ దుకాణంలోనూ జెండా మిగల్లేదని ఖాళీ చేతులతో వచ్చారట. ఊరి మొత్తానికి ఉన్నది ఒక్కటే. మామ్మ తండ్రి కుట్టింది, మధ్యలో నీలం దారంతో రాట్నం. పోలీసులు వెతికినప్పుడు దాన్ని ధాన్యం గాదెలో దాచి, దెబ్బలు తిని, జైలుకు వెళ్లొచ్చి, జ్వరంతో పోయాడాయన. కొత్త జెండాలో రాట్నం ఉండదు, చక్రం ఉంటుందని మాస్టారు చెప్పారు. విప్పమని మాత్రం అడగలేకపోయారు.

మామ్మే కత్తెర తీసుకుని అరుగు మీద కూర్చుంది. తల్లి జెండా లాక్కుంది.

“మీ నాన్న సేత్తో కుట్టింది ఇప్పేస్తావేటే?”

“రాట్నం నాన్నదమ్మా. సెక్రం ఊరందరిదీ. నాన్నుంటే తనే ఇప్పేవోడు.”

తల్లి జెండా పట్టుకుని లోపలికి వెళ్లిందట. తర్వాత తనే జెండా తెచ్చి పక్కన కూర్చుని, గుడ్డ బిగువుగా ఉంటే దారం సులువుగా వస్తుందని రెండు కొసలూ పట్టుకుందట.

మర్నాడు ఊరంతా వాకిళ్లు కడిగి ముగ్గులు పెట్టారు. ఇది ఏ దేవుడి పండగని ఒక ముసలమ్మ అడిగి, ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతే జెండాకర్ర దగ్గరే కొబ్బరికాయ కొట్టిందట. ఆ మాట చెప్పి మామ్మ నవ్వేది. బెల్లం, శనగలు పంచారు. జెండా ఎగరగానే అందరూ చప్పట్లు కొడుతుంటే ఈమె మాత్రం రాత్రి తను కుట్టిన చక్రం ఆకులు లెక్కపెట్టింది. ఇరవై నాలుగుకి రెండు తక్కువ.

నేను తీసుకెళ్లిన జెండా బాగుచేసి ఇస్తూ, “నెక్కెట్టుకో బాబూ. మల్లీ తప్పొద్దు,” అంది. ఆమె ఎదురుగానే నిలబడి లెక్కపెట్టాను. ఆ తర్వాత చూపు ఆనినన్నాళ్లూ బడి జెండా ఆమే కుట్టింది.

పోయిన ఆగస్టులో పిల్లల ఊరేగింపు తెలుగులోనూ ఒడియాలోనూ నినాదాలు చేస్తూ ఆమె ఇంటి ముందు నుంచి సాగింది. మామ్మ మంచం మీంచి లేచి, గుమ్మం పట్టుకుని నిలబడింది. చివరి పిల్ల మలుపు తిరిగింది. గొంతులు వినబడకుండా పోయాయి. ఆమె ఇంకా కూర్చోలేదు. ముందు రోజు వానకు తడిసిన వీధిలో, చిన్న చిన్న పాదాల గుర్తులు బడి దాకా ఉన్నాయి.