గెడ్డ దాటించినవాళ్ళు

మేము ముగ్గురం స్నేహితులమైంది పొద్దుటి నడకల్లో. విజయనగరం కోట దగ్గరి మైదానంలో తెల్లారకముందే చక్కర్లు కొట్టే ఆడవాళ్ళం. ముందు నవ్వులు, తర్వాత మాటలు, ఆ తర్వాత ఒకరి కోసం ఒకరు ఆగడం. చివరికి ఒకరు రాకపోతే మిగతా ఇద్దరికీ నడవబుద్ధి కాని స్థితికి వచ్చాం.

మాలో పెద్దది గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు. అక్కడ అందరూ సిస్టర్ అంటారు, వయసులో పెద్దది కాబట్టి మేము సిస్టరక్క అనేవాళ్ళం. ఆదివారం మాత్రం నడకకి వచ్చేది కాదు, చర్చిలో పాటల ప్రాక్టీసు ఉండేది. రెండో ఆవిడ మా ఇంటివాళ్ళ కోడలు. బజార్లో వాళ్ళకి బట్టల కొట్టుంది. వాళ్ళ మేడ మీద వాటాలో నేను అద్దెకుండేదాన్ని. నేను ఆవిణ్ణి వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను టీచరు గారూ అనేది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉంటాను.

సిస్టరక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతంపేట ఏజెన్సీలో పనిచేసింది. టీకాల పెట్టె భుజాన తగిలించుకుని కొండ మీద సవర గూడేలన్నీ తిరిగింది. నడుస్తున్నప్పుడు ఆ కబుర్లే చెప్పేది.

"ఒకసారి కొండెక్కితే వారమైనా దిగనక్కర్నేదే. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి కాలిబాటుంటాది. అలగ పోతా ఉంటే ఆఖర్న అవతలేపు వంశధార కనపడతాది. మోకాళ్ళు అరిగిపోకముందు మళ్ళీ ఓసారి ఆ దారంతా నడవాలనున్నాది నాకు."

"అయితే మనవూ పోదాం" అంది వదిన.

మేమిద్దరం ఆగిపోయి ఆవిడ మొహం చూశాం. పెళ్ళయ్యాక భర్తో అత్తగారో పక్కన లేకుండా విశాఖపట్నం కూడా వెళ్ళని మనిషి. ఆవిడే రోజులు కూడా ఎంచింది. భాద్రపదంలో పెళ్ళిళ్ళుండవు, కొట్లో బేరాలు పలచన, అప్పుడైతే తనని ఎవరూ ఆపరు అంది. నిజంగానే ఎవరూ ఆపలేదు. వాళ్ళ అత్తగారు మాత్రం "కొండల్లో ఏటుందే చూడ్డానికి? రాళ్ళేగా?" అని ఒకమాట అని ఊరుకుంది.

వదిన వాళ్ళబ్బాయి స్కూలు బ్యాగు తగిలించుకుని వచ్చింది. దాని మీద ఎగిరే కారు బొమ్మ. అందులో చేగోడీలు, అప్పచ్చులు, ఆవకాయ సీసా, చిన్న కుక్కరు, అగరొత్తులు. సిస్టరక్క బస్టాండులోనే బ్యాగు విప్పించి కుక్కరునీ ఆవకాయ సీసానీ వదిన వాళ్ళాయన చేతికిచ్చి పంపేసింది. చేగోడీల జోలికి మాత్రం పోలేదు.

పాలకొండ బస్సులో ముందు సీట్లవాళ్ళు భోగాపురంలో విమానాశ్రయం వస్తే భూముల ధరలు ఏమవుతాయో వాదించుకుంటున్నారు. కిటికీలోంచి చూస్తే కొండల మీద మబ్బు దిగి ఉంది. వానలు తగ్గుముఖం పడతాయని మేము అనుకున్నాం, వానలు అలా అనుకోలేదు.

సీతంపేట దాటాక తార్రోడ్డు వదిలి కాలిబాట పట్టాం. అనాస తోటలు, జీడిమామిడి, ఆ పైన కందీ జొన్నా కలిపి చల్లిన పోడు చేలు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న.

"ఎక్కడికమ్మా? మీ మగోళ్ళేరి?"

"ఎనకాల వస్తన్నారు" అని సిస్టరక్క మొదట్లో చెప్పింది. నాలుగోసారికి విసుగొచ్చి "ఇంటికాడ వంట సేస్తన్నారు" అంది. కట్టెల మోపుతో దిగుతున్న ఆడవాళ్ళు మోపులు దించుకుని మరీ నవ్వారు.

మొదటి రోజు చినుకులే. సాయంత్రానికి ఒక గూడెంలో బడి వరండా దొరికింది. మర్నాడు పొద్దున బయల్దేరేసరికి ఆకాశం కిందకి వచ్చేసింది. ముందు నడిచే సిస్టరక్క నాలుగడుగుల దూరంలో మబ్బులో కలిసిపోయి, గొడుగు మాత్రం కనిపించేది. ప్రతి బండ మీంచీ నీళ్ళు, ప్రతి చెట్టు కిందా రెండో వాన. రెయిన్ కోట్లున్నా లోపలిదాకా తడిశాం, బూట్లలో నీళ్ళు పిచికిపిచికిమంటున్నాయి. జలగలు పట్టుకుంటే సిస్టరక్క గుడ్డలో కట్టిన ఉప్పు వాటి మీద అద్దేది. వదిన మొదటి జలగని చూసి కేకపెట్టింది. తర్వాత్తర్వాత తనే ఉప్పుమూట అడిగి తీసుకుని మాకూ అద్దడం మొదలుపెట్టింది. ఒక మలుపు దగ్గర గాలి వచ్చి మబ్బు చీలి, కింద లోయంతా పచ్చగా, దాని నిండా తెల్లటి నీటిచారలు కనిపించాయి. ముగ్గురం తడుస్తూ నిలబడి చేగోడీలు తిన్నాం. అంత ఆనందం నేను చాలా ఏళ్ళలో ఎరగను.

ఆ మధ్యాహ్నం దిగుడులో నా కాలు జారింది.

నాచు పట్టిన రాయి. కుడి పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని, మిగతా ఒళ్ళంతా పక్కకి పడింది. చప్పుడు నాకే వినిపించింది. సిస్టరక్క వెనక్కి వచ్చి బూటు విప్పి, చీలమండ చుట్టూ వేళ్ళతో నొక్కి చూసింది. అప్పటికే అది వంకాయలా వాచింది.

"ఇరిగిందో బెణికిందో ఎక్స్‌రే ఫొటో తీస్తేగానీ సెప్పలేను. కాలు కింద పెట్టకు" అని, తన గొడుగు మడిచి కాలికి ఆనించి చున్నీతో గట్టిగా కట్టింది.

నేను చాలా మామూలుగా, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. "మీరిద్దరూ గూడేనికి వెళ్ళండి. ఎవరైనా ఉంటే పంపండి. నేనిక్కడ కూచుంటాను. నాకేం పర్లేదు."

ఇది ధైర్యం కాదు, అలవాటు. మా నాన్న పోయాక అమ్మ నెల్లిమర్లలో జాకెట్లు కుట్టి నన్ను చదివించింది. ఏ చుట్టం గుమ్మమూ తొక్కలేదు. జ్వరం వచ్చినా పక్కింటివాళ్ళకి తెలియనిచ్చేది కాదు. ఒకరి మీద పడకుండా బతకడమే గౌరవమని ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు, చెప్పక్కర్లేకుండానే నా ఒంట్లో ఇంకిపోయింది.

వదిన నా ఎదురుగా వచ్చి నిలబడింది. జుట్టంతా మొహానికి అతుక్కుని ఉంది.

"ఒసే, నోర్ముయ్" అంది. "ఈ వానలో నిన్ను ఒగ్గేసి ఎలిపోతామేటి? మమ్మల్ని ఏటనుకున్నావు నువ్వు?"

నాకు నొప్పి కూడా మర్చిపోయేంత ఆశ్చర్యం వేసింది. అన్నేళ్ళుగా టీచరు గారూ అనే పిలుపే తప్ప ఆవిడ నోట నేను ఇంకో పిలుపు వినలేదు. చెయ్యి అందించాను. ఆవిడ నా బ్యాగు తీసి ముందువైపు తగిలించుకుంది, తన బ్యాగు వెనకాల ఉండనే ఉంది. నా ఎడం చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుంది. కుడివైపు సిస్టరక్క. అడుగు వేసి ఆగడం, అడుగు వేసి ఆగడం. మామూలుగా అయితే చిటికెలో దిగే దారి, వెలుతురు తగ్గేదాకా పట్టింది. వదిన మధ్యమధ్య ఆయాసపడుతూనే "ఇంకొంచెం, ఇంకొంచెం, అదిగో పొగ కనపడతన్నాది" అనేది. మొదటి రెండుసార్లూ అక్కడ పొగ లేదు. మూడోసారి నిజంగానే ఉంది.

గూడెంలో మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ కూచుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి పొత్తు పక్కన పెట్టి లేచింది. ఎవరని అడగలేదు. "ఓలమ్మ, లోపలికి రాండి, లోపలికి రాండి" అంటూ వదిన ముందున్న బ్యాగు తనే అందుకుంది.

ఇల్లంతా పొగ వాసన, వెచ్చదనం. ముసలమ్మ కోడలు మాకు పొడి చీరలిచ్చింది. అవి మోకాళ్ళ దాకానే వచ్చాయి. సత్తు గిన్నెలో వేడి చోడంబలి, అదే రాగి అంబలి, తెచ్చి నా చేతిలో పెట్టింది. లేత వెదురు మొలకలతో కొమ్ముల కూర వండారు. బయట హోటల్లో కాఫీ కూడా తాగని వదిన ఆ కూర రెండోసారి అడిగి వేయించుకుని, "ఇదెలా వండారో నాకు చెప్పాలి" అని కోడలి పక్కన పొయ్యి ముందు చతికిలబడింది.

మర్నాడంతా వాన. గూడేనికీ రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, కొండవాగు, ఉంది. అది నిండుగా పారుతోందని, తగ్గేదాకా ఎవరూ దాటలేరని చెప్పారు. ఫోన్లలో సిగ్నల్ లేదు. నా కాలు రంగు మారింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చి అలాగే కూచుండిపోయారు. సిస్టరక్క ఏదో తోచక చర్చిలో పాడే పాట ఒకటి సన్నగా మొదలుపెట్టింది. ఆ గూడెంలో సగంమంది క్రైస్తవులే. రెండో చరణానికి వాళ్ళు సవర భాషలో అందుకున్నారు. మాటలు వేరు, రాగం ఒకటే. బయట చూరు నీళ్ళు, లోపల పొయ్యి, ఆ పాట. వదిన వత్తి చేయడానికి తెచ్చుకున్న దూదిని నా కాలి కింద దిండులా సర్దుతూ వింటోంది.

ఆ తర్వాతి రోజు వాన తెరిపిచ్చింది. గెడ్డ దిగిందని చెప్పడానికి ముసలమ్మ కొడుకు వచ్చాడు. వెనక ముగ్గురు మగవాళ్ళు, చేతిలో లావాటి వెదురు గెడ, దుప్పటి. దుప్పటి కొసలు రెండూ గెడకి కట్టి ఉయ్యాలలా వేలాడదీశారు. డోలీ. పురిటి నొప్పులవాళ్ళనీ, తెలివితప్పినవాళ్ళనీ అందులో మోసుకెళ్తారని పేపర్లో చదివాను.

"నేను నడుస్తాను" అన్నాను. "కర్ర ఇవ్వండి చాలు. వీళ్ళకెందుకు శ్రమ?"

సిస్టరక్క ఏదో అనబోయింది. ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"మొయ్యడానికి మనుసులుండగా నీకు సిగ్గేటమ్మా? రేప్పొద్దున నా కాలిరిగితే నన్నూ ఈళ్ళే మోస్తారు. నానేటి సిగ్గుపడతానా? పడుకో."

పడుకున్నాను.

దుప్పటిలో ఒళ్ళు చాపితే ఆకాశం, ఆకులు తప్ప ఏమీ కనిపించవు. గెడ కిర్రుమంటోంది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, వాళ్ళ ఊపిరి నాకు వినిపిస్తోంది. దిగుడు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళు వంగి, ముందువాళ్ళు గెడ భుజం మీంచి పైకెత్తి, నా తల కిందికి పోకుండా చూస్తున్నారు. నా బరువు ఎంతో నాకు అప్పుడు తెలిసింది. నా బతుకులో నన్ను ఇంకొకరు ఎత్తి మోసిన జ్ఞాపకం అంతకుముందు లేదు. చిన్నప్పుడు అమ్మ మోసే ఉంటుంది, అది గుర్తులేదు.

గెడ్డలో నీళ్ళు వాళ్ళ నడుముల దాకా వచ్చాయి. గెడని తలల మీదకెత్తుకున్నారు. వదిన ఎవరు చెప్పినా వినకుండా నా పక్కనే నీళ్ళలో దిగి, దుప్పటి అంచు పట్టుకుని నడిచింది. మధ్యలో ఒకతని కాలు తూలి డోలీ ఊగింది. నా నడుముకి చల్లగా నీళ్ళు తగిలాయి. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూ వదిన దుప్పటి అంచుని రెండు చేతులా పట్టుకుంది. అవతలి గట్టున దించగానే నాకు ఏడుపు ఆగలేదు. నొప్పనుకుని సిస్టరక్క కట్టు వదులు చేయబోయింది. నొప్పి కాదక్కా అని చెప్పాను.

రోడ్డు మీద టీ కొట్టు దగ్గర అందరం టీ తాగాం. వదిన మా రెయిన్ కోట్లు మూడూ మడతపెట్టి ముసలమ్మ కొడుకు చేతిలో పెట్టింది. అతను మొహమాటపడుతూనే తీసుకుని, ఒకటి అక్కడే తొడుక్కుని చూసుకున్నాడు. తక్కినవాళ్ళు అతన్ని ఆటపట్టించారు. జీపు వచ్చింది. మమ్మల్ని ఎక్కించాక గెడ భుజాన వేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ వాళ్ళు కొండ వైపు తిరిగారు.

పాలకొండలో ఫొటో తీస్తే ఎముక చిట్లిందన్నారు. పిండికట్టు వేశారు. కట్టుతో మేడ మెట్లెక్కలేను కాబట్టి, విప్పేదాకా కింద వాళ్ళ ముందు గదిలోనే ఉన్నాను. వదిన వాళ్ళ అత్తగారు మొదటిరోజే నా మంచం పక్కన కుర్చీ వేసుకుని, "రాళ్ళేనన్నానా లేదా?" అని తృప్తిగా అడిగింది. తర్వాత రోజూ రెండుపూటలా నాకు అన్నం తనే తెచ్చిపెట్టింది. సిస్టరక్క డ్యూటీ దిగి వచ్చి వేళ్ళు కదిలించమనేది. వదిన మళ్ళీ టీచరు గారూ అనలేదు. దిండు సర్దమనో కిటికీ తెరవమనో అడగాల్సి వచ్చినప్పుడు మొదట్లో అడగకుండా నేనే లేవబోయేదాన్ని. పోనుపోను ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పనులు చెప్పేదాన్ని నేనేనని వదిన నవ్వేది.

ఆ జనవరిలో ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. ఎండగా, చల్లగా ఉంది. గెడ్డలో పాదాలు తడిసేంతే నీళ్ళు. కంది కోతలు నడుస్తున్నాయి. చేలో కనిపించిన ముసలమ్మ కొడుకు నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. కాలి వైపు చూసి నవ్వి, కింద ఉన్న కందిమోపు చూపించి, "కాస్త సెయ్యెయ్యమ్మా, తలకెత్తుకోవాల" అన్నాడు. నేను ఒకవైపు, వదిన ఒకవైపు పట్టి ఎత్తాం. బరువుగానే ఉంది. అతని వెనకాలే గూడేనికి వెళ్ళి, భోజనం చేసి, ముసలమ్మ దగ్గర సెలవు తీసుకుని మిగతా దారి నడిచాం. సిస్టరక్క మోకాళ్ళు అక్కడక్కడా ఆగమన్నాయి, మేమూ ఆగాం. మర్నాడు పొద్దెక్కాక ఆఖరి మెరక ఎక్కేసరికి కింద వంశధార కనిపించింది. ఇసకతిన్నెల మధ్య సన్నగా, ఎండలో మెరుస్తూ. సిస్టరక్క చెప్పులు విప్పి, రాయి మీద కూచుని చాలాసేపు చూసింది. మేము చెరోపక్కా కూచున్నాం.