తాగనివాడి చెయ్యి

ఆ వీధిలో అతన్ని అందరూ మంచినీళ్ళాయన అనేవాళ్ళు. ఏ విందులోనైనా గ్లాసులు గలగలలాడుతుంటే అతను మాత్రం మంచినీళ్ళు పట్టుకుని ఓ మూల కూర్చునేవాడు. "ఒక్క గుక్కకి ప్రాణం పోతుందా ఏం?" అని ఎవరైనా ఏడిపిస్తే, "పోయేది ప్రాణం కాదు, చెయ్యి" అనేవాడు. గడ్డాలు గీసి బతికేవాడికి చెయ్యే కదా ఆస్తి. దగ్గు మందులో కూడా ఏదో కలుస్తుందని ఎవరో అంటే, ఆ సీసా పారబోసి వారమంతా దగ్గాడు. అంత పట్టుదల ఊరికే రాలేదు.

వాళ్ళ నాన్నదీ అదే దుకాణం, అదే కుర్చీ. ఆయన కత్తి పడితే కునుకు తీసేవాళ్ళట జనం, అంత తేలికైన చెయ్యి. నలభై దాటాక ఆ చెయ్యి దానంతట అదే ఎగరడం మొదలైంది. నడక తూలింది. మాట ముద్దయింది. పైగా ముక్కు మీద కోపం. ఇంకేం కావాలి, తాగుడు మరిగాడని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది. ఒకరోజు బడి హెడ్మాస్టరుగారి చెవి తమ్మె తెగి, చొక్కా అంతా నెత్తురైంది. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇంట్లో ఆవిడ కూడా అదే నమ్మింది. ఆయన సాయంత్రం గుమ్మంలో కాలు పెట్టగానే కొడుకుని ముందుకు తోసేది, వాసన చూడమని. పిల్లవాడు మునివేళ్ళ మీద నిలబడి "ఊదు నాన్నా" అనేవాడు. ఆయన వంగి, కళ్ళు మూసుకుని ఊదేవాడు. సబ్బు వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ మాటే చెబితే, "వాసన రానిది తాగుతున్నాడు, గడుసు మనిషి" అనేది అమ్మ. అలాంటిది ఏ అంగట్లో దొరుకుతుందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

"నీ మీద ఒట్టురా, నేను ముట్టుకోలేదు" అని ఆయన మంచం పట్టాక కూడా అంటూనే ఉన్నాడు. కొడుకు నమ్మలేదు. ఆయన పోయిన రోజున కంట తడి పెట్టలేదు. తాగి పోయాడని ఒక్క ముక్కలో తేల్చేసి, కత్తి అందుకున్నాడు. చుక్క ముట్టకపోతే తన చెయ్యి తన మాట వింటుందనుకున్నాడు.

విన్నది కూడా, నలభై దాటేదాకా. తర్వాత ఒక పొద్దున, చెంప మీద నురగ రాస్తుండగా బ్రష్ ఎగిరి కూర్చున్నాయన కంట్లో పడింది. ఇద్దరూ నవ్వేశారు. ఇంకోసారి కత్తెర జారింది. ఒక సాయంత్రం గుమ్మం దగ్గర తూలి తలుపు పట్టుకుంటే, భార్య వంటింట్లోంచి వచ్చి అతని మొహంలోకి చూసింది.

"ఏమీ అనుకోకండి. ఒక్కసారి ఇటు ఊదండి" అంది మెల్లగా.

అతను వంగి ఊదాడు. కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. నాన్న కళ్ళెందుకు మూసుకునేవాడో అప్పుడు తెలిసింది.

పెద్దాసుపత్రికి కూతురు తీసుకెళ్ళింది. దుకాణంలో రెండో కుర్చీ ఆమెదే. పెళ్ళయింది, ఈ ఏడన్నా ఒక బిడ్డను కనాలని ఆశ. నాన్న సంగతంతా విని, రక్త పరీక్ష ఫలితం చూసి డాక్టరమ్మ కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని జతలు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. వాటి మీదే జన్యువులు ఉంటాయి, ఒళ్ళు ఎలా నడవాలో చెప్పే రాతలనుకోండి. మీ నాన్నగారు ఇచ్చిన నాలుగో క్రోమోజోము మీద ఒక జన్యువులో, ఒకే ముక్క అవసరానికి మించి మళ్ళీ మళ్ళీ పడింది. దానివల్ల మెదడు మెల్లమెల్లగా దెబ్బతింటుంది. అమ్మ ఇచ్చింది మంచిదే అయినా లాభం లేదు, ఒక్కటి చెడితే చాలు."

"తాగుడు వల్ల కాదా?" అన్నాడు.

"తాగినా తాగకపోయినా వచ్చేదే."

అతను ఒళ్ళో ఎగురుతున్న కుడిచేతిని ఎడమచేత్తో నొక్కి పట్టుకున్నాడు. జీవితమంతా వద్దన్న గ్లాసులు కాదు గుర్తొచ్చింది. వంగి ఊదుతున్న నాన్న మొహం గుర్తొచ్చింది.

"మరి నాకు?" అంది కూతురు.

"సగానికి సగం, బొమ్మా బొరుసూ వేసినట్టే. నీకు రాకపోతే నీ పిల్లలకీ రాదు. వచ్చి ఉంటే... తండ్రి వైపు నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి ఇంకా చిన్న వయసులోనే బయటపడుతుంది. పరీక్ష చేయించుకుంటావా అన్నది నీ ఇష్టం."

"మందు ఉందా?"

"తగ్గించే మందు ఇప్పటికి లేదమ్మా."

"అయితే ఆలోచించుకుంటాను" అంది. ఆ ఆలోచన ఇంకా తెమల్లేదు. బిడ్డ మాట కూడా ఎత్తడం మానేసింది.

అతను వీధిలో కనబడ్డవాడికల్లా "మా నాన్న తాగలేదు" అని చెప్పుకొచ్చాడు. ముద్దమాటలతో, తూలుతూ. వాళ్ళు తలలూపి, అటు తిరిగి నవ్వుకున్నారు. మంచినీళ్ళాయన కూడా మొదలెట్టాడని ఆ వారంలోనే పాకిపోయింది. నోళ్ళు మూయించడం ఎవరి తరం?

కత్తి పూర్తిగా కూతురి చేతికొచ్చింది. అతను గోడ పక్కన బల్ల మీద కూర్చుని, రోజంతా ఆ చెయ్యి వంకే చూసేవాడు. నాన్న చెయ్యే అది, అంత తేలిక. ఆ తేలికే ఇచ్చి ఊరుకుని ఉంటే బాగుండు, ఇంకేమీ ఇవ్వకుండా ఉంటే బాగుండు అని లోపల్లోపల మొక్కుకునేవాడు.

మొన్న గిరాకీ లేని పూట, "రా నాన్నా, గడ్డం మాసిపోయింది" అని ఆమే కుర్చీలో కూర్చోబెట్టింది. తల ఎగరకుండా వెనక దిండుకి అదిమి, రెండు చేతులతో కుర్చీని బిగపట్టుకున్నాడు. మెడ మీద కత్తి సాఫీగా పైకొచ్చింది. దవడ దగ్గర చురుక్కుమంది. ఆ క్షణాన తన మెడ కదల్లేదని అతనికి తెలుసు.

అద్దంలో ఇద్దరూ ఆ ఎర్రటి చుక్క వంకే చూశారు. ఆమె పటిక తడిపి అద్దింది. మొహం పాలిపోయింది.

"నన్ను ఊదమంటావా నాన్నా?" అంది, నవ్వబోయి.

"వద్దమ్మా. నేనే కదిలాను."

ఆమె కాసేపు అతని కళ్ళలోకి చూసి, "అలాగే అనుకున్నాను" అని కత్తి తోలు మీద రుద్దింది. అతను రెండో చెంప తిప్పాడు.