మణికట్టు ఎముకల వయసు

మెల్‌బోర్న్‌లో మా ఊరివాళ్ల సంఘానికి నేను అధ్యక్షురాలినైంది ఎవరికీ ఇష్టం కాకపోవడం వల్లనే. నేను పూజలు చేయనని గుడికి వెళ్లేవాళ్లకు తెలుసు. ప్రార్థన జరుగుతున్నప్పుడు కళ్లు మూసుకోనని చర్చికి వెళ్లేవాళ్లు గమనించారు. ఇరుపక్షాలకూ సమానంగా నచ్చని మనిషి ఒకరు కావలసివచ్చారు, నేను దొరికాను. నగరానికి వచ్చే తాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఒక నమూనాను మూడుసార్లు కొలిచి, మూడు అంకెలూ కలిస్తేనే కింద సంతకం పెట్టేదాన్ని. ఆ అలవాటును సంఘంలోకి కూడా తీసుకువెళ్లాను.

అవి తొంభైకి కాస్త అటూ ఇటూ అయిన సంవత్సరాలు. కృష్ణా తీరంలోని మా చిన్న పట్నం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఇరవై రెండు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం, నగర శివారు డాండెనాంగ్‌లో ఒక చర్చి వెనుక హాలులో కలుసుకునేవాళ్లం. ముందు పులిహోర, సమోసాలు, టీ, తర్వాత పోట్లాట. ఊరికి ఏదో ఒకటి చేయాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఏం చేయాలన్న దగ్గర మాత్రం ఏ ఇద్దరికీ పొసగేది కాదు. ఒక పెద్దాయన బస్టాండు దగ్గర ఆర్చి కట్టించాలన్నారు. కొందరు అంబులెన్సు పంపుదామన్నారు. మా డాక్టరుగారు ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్షల గది కట్టించి, గుమ్మం మీద వాళ్లమ్మగారి పేరుతో రాయి పెట్టించాలన్నారు. నేను అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: ఇది కావాలని ఊళ్లో మిమ్మల్ని ఎవరడిగారు? మా బజారు వీధిలో అంబులెన్సు వెనక్కి తిరగదని కొలతలు తెప్పించి మరీ చూపించాను. ఆర్చి కోరిన పెద్దాయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఈ పనుల్లో నాకు ఒకరకమైన ఆనందం ఉండేదన్న సంగతి దాచను.

చివరికి పిల్లల వైద్యానికి సాయం చేద్దామని రాజీ కుదిరింది. కంటి గది ఆ తర్వాతి వరుసలో ఉంటుంది. నియమాలు నేను రాశాను. పిల్లలకు పన్నెండేళ్లు దాటకూడదు. వయసుకు మూడు కాగితాలు చూపించాలి, మూడూ కలవాలి. పన్నెండే ఎందుకన్నది ఎవరూ అడగలేదు. ఎవరో పన్నెండు అన్నారు, మిగిలినవాళ్లు తలలూపారు, నేను రాసుకున్నాను. ప్రతి అంకెకూ ఆధారం అడిగే నేను ఆ ఒక్క అంకెను ఊరికే వదిలేశాను.

సంఘానికి కార్యదర్శి మాస్టారు. ఊళ్లో పద్దెనిమిదేళ్లు ప్రాథమిక పాఠశాల నడిపిన మనిషి. ఇక్కడ ఒక ఆసుపత్రిలో రోగుల ట్రాలీలు తోసేవారు. అదే ఆసుపత్రిలో పనిచేసే డాక్టరుగారు కూడా ఆయన్ను మాస్టారనే పిలిచేవారు. ఆ పిలుపులో ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించేది. సమావేశాల్లో జరిగినదంతా మాస్టారు మినిట్స్ పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు.

ఇక్కడ చలికాలమైన ఒక ఆగస్టులో, హాలులో హీటరు పనిచేయని రోజున, మాస్టారు ఒక పిల్ల కాగితాలు తెచ్చారు. తల్లి మా ఊరి మిషన్ ఆసుపత్రిలో వరండాలు ఊడుస్తుంది. తండ్రి లేడు. పిల్లకు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైపోయింది. మద్రాసులో ఒక ఆసుపత్రి ఆపరేషన్‌కు ఒప్పుకుని, నవంబరులో ఒక రోజుకు మంచం కేటాయించింది. ఖర్చు భరిస్తామని మా సంఘం ఉత్తరం రాయడం ఒక్కటే మిగిలింది.

నేను కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచాను. బడి సర్టిఫికెట్‌లో తొమ్మిదేళ్లు. రేషన్ కార్డులో పద్నాలుగు. ఆసుపత్రి చీటీలో సుమారు పన్నెండు.

"ఇందులో ఏది నిజం మాస్టారూ?"

"ఏదీ కాదు మేడమ్. పిల్లకి పదకొండు. తల్లి చెప్పింది."

"మరి ఇవన్నీ?"

"పెద్దవాళ్ల లెక్కన బియ్యం వస్తాయని రేషన్ కార్డులో పెంచుతారు. రేపు ఉద్యోగానికి కలిసొస్తుందని బళ్లో తగ్గిస్తారు. ఆస్పత్రిలో మనిషిని చూసి రాసేస్తారు. తల్లికి అబద్ధమాడే అవసరం ఏముంది?"

"అవసరం ఇప్పుడే వచ్చింది కదా," అన్నాను.

హాలు నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుంది, అందుకే కొనసాగించాను.

"ఆమెకు పదకొండని ఎలా తెలుసు?"

"ఉప్పెన తర్వాత రెండో వేసవిలో పుట్టిందండీ."

డెబ్భై ఏడు ఉప్పెన మా అందరికీ తెలిసిందే. వేళ్ల మీద లెక్కవేసినా పదకొండే వస్తుంది. కానీ అది నోటిమాట, కాగితం కాదు.

"ఆమె చదువుకుందా?"

"లేదండీ."

"లెక్కపెట్టడం వచ్చా?"

"ఉప్పెనలో ఇద్దరు పిల్లలు పోయారు మేడమ్. అక్కణ్నుంచి లెక్కపెట్టడం వచ్చు."

కొందరు తలలు దించుకున్నారు. సమావేశం నా చేతిలోంచి జారిపోతోందని గుర్తించి, జాలి ఆధారం కాదని గట్టిగా చెప్పాను. తర్వాత, న్యాయం చేస్తున్నానన్న నమ్మకంతోనే, ఒక మార్గం చూపించాను. ఎదిగే పిల్లల మణికట్టులో చిన్న ఎముకలు ఒక క్రమంలో గట్టిపడతాయి. ఎక్స్‌రే తీసి చూస్తే వయసు అంచనా కట్టవచ్చు. కాగితాలు అబద్ధమాడతాయి, తల్లులు అబద్ధమాడతారు, ఎముక ఆడదు అన్నాను. ఈ వాక్యం అందరికీ నచ్చింది. మాస్టారు దాన్ని కూడా మినిట్స్‌లో రాశారు.

అలాంటి అంచనాలో ఎంత తేడా రావచ్చో నేను కనుక్కోలేదు. డాక్టరుగారికి తెలుసు. ఆయన సమోసా తింటూ ఊరుకున్నారు.

మా ఊళ్లో ఎక్స్‌రే యంత్రం చెడిపోయి ఉంది. రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్లాలి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్ల. వానాకాలం. అక్కడ బస్టాండు బయట నీళ్లు నిలిచి, రిక్షావాళ్లు రామంటే, తల్లి పిల్లను వీపున వేసుకుని ఎక్స్‌రే కేంద్రం దాకా నడిచిందట. ఈ సంగతి అక్టోబరు సమావేశంలో మాస్టారు చెప్పబోతే, సంబంధం లేని వివరమని ఆపాను.

ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాం. చిక్కటి నలుపులో ఒక చిన్న చెయ్యి, వేళ్లు విడదీసి. మాలో అందరికంటే ముందు ఈ దేశానికి వచ్చిన ఆంటీ కళ్లజోడు సవరించుకుని, "అయ్యో, ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యిలా ఉందే," అన్నారు.

"సైజును బట్టి చెప్పలేం ఆంటీ," అన్నాను.

రిపోర్టులో ఒకే ఒక వాక్యం: వయసు పదకొండుకూ పదమూడుకూ మధ్య. మా పన్నెండు సరిగ్గా నడుమ ఉంది.

అప్పుడు డాక్టరుగారు లేచారు. "నేను వ్యతిరేకమని కాదు, సైన్సు చెబుతున్నాను. ఎక్కువ కాలం జబ్బుపడ్డ పిల్లల ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి. ఫిల్ములో పదమూడు కనిపిస్తే అసలు పదిహేను కూడా ఉండొచ్చు. రేషన్ కార్డు పద్నాలుగు అంటోంది మరి. మేడమ్‌కి నేను చెప్పేదేముంది?"

ఈ కేసు తప్పిపోతే తర్వాతి వరుసలో ఉన్నది ఆయన కంటి గది. అది నాకు తెలుసు. అయినా ఆయన చెప్పినది శాస్త్రీయంగా సరైనదే. నిజం ఎవరి లాభానికి పలికినా నిజమేనన్నది నా సూత్రం. సూత్రం వెనక కూర్చోవడం ఎంత సుఖమో ఆ రోజు నాకు తెలియదు. ఇప్పుడు చూస్తే, మా ముందున్న ఐదు ఆధారాల్లో ఆ పిల్లను కచ్చితంగా కాదన్నది రేషన్ కార్డు ఒక్కటే. కానీ నా నియమం ఎక్కువమంది మాట అడగలేదు, అందరి మాటా ఒకటి కావాలంది.

మాస్టారు కలం కింద పెట్టారు. "డాక్టరుగారూ, మీ పుట్టినరోజు ఎప్పుడండీ?"

"జులై ఒకటి. ఏం, ప్రెజెంట్ ఇస్తారా?"

"ఆంటీ, మరి అంకుల్‌గారిది?"

"జులై ఒకటే. మీ ఆవిడది నేను చెప్పనా? అదీ జులై ఒకటే."

"మేడమ్, మీది?"

మా అమ్మ చెప్పిన ప్రకారం నేను కార్తీకమాసంలో, ముసురు పట్టిన రోజున పుట్టాను. బడిలో వేసినప్పుడు హెడ్‌మాస్టరుగారు రాసుకున్న తేదీ వేరు. నా డిగ్రీలు, పాస్‌పోర్టు, ఈ దేశపు పౌరసత్వ పత్రం అన్నీ ఆ తేదీనే చెబుతాయి.

"జులై ఒకటి," అన్నాను.

ఇంకెవరెవరిదని మాస్టారు అడిగితే చేతులు లేస్తూనే ఉన్నాయి. "అందరికీ కలిపి ఒకే కేకు కోసేద్దాం, పనైపోతుంది," అన్నారెవరో. ఆంటీ నవ్వలేక కుర్చీ పట్టుకున్నారు. అంతలా నవ్విన రోజు ఆ హాలులో మరొకటి లేదు.

మాస్టారు నవ్వు తగ్గేదాకా ఆగారు. "ఆ ఒకటో తేదీలు రాసింది నాలాంటివాళ్లమే. పద్దెనిమిదేళ్లు రాశాను, ఈ చేత్తోనే. ఆ కాగితాలు పట్టుకునే మనమంతా విమానం ఎక్కాం. ఎవరూ మన మణికట్లు చూడలేదు. ఆ పిల్ల కాగితం ఒక్కటే ఎందుకు నిజం చెప్పాలండీ?"

ఆ హాలులో నేను విన్న వాదనల్లో అంత పకడ్బందీగా కట్టినది మరొకటి లేదు. దానికి జవాబు చెప్పడం అధ్యక్షురాలిగా నా బాధ్యత. నేను వాదనను వదిలి మనిషిని పట్టుకున్నాను.

"మాస్టారూ, పద్దెనిమిదేళ్లు తెలిసి తెలిసి తప్పుడు వయసులు రాశానని మీ నోటితోనే అన్నారు. ఇప్పుడు ఈ వయసు నిజమని కూడా మీరే అంటున్నారు. మేం ఏ మాస్టారిని నమ్మాలి?"

"మినిట్స్‌లో రాసుకోండి మాస్టారూ," అన్నారు డాక్టరుగారు. "మీ చేతిరాత బాగుంటుంది."

ఈసారి నవ్వు ఇందాకటి కంటే పెద్దది. మాస్టారు కలం తీసుకున్నారు. ఆ ప్రశ్న రాశారు, రాసి కింద గీత గీశారు.

ఓటింగు పెట్టాను. పిల్లకు సాయం చేయాలన్నవాళ్లు ఐదుగురు. వద్దన్న చేతులు, జులై ఒకటికి లేచినవే, మళ్లీ లేచాయి. రెండువైపులా సమానమైతే తప్ప అధ్యక్షురాలు ఓటు వేయనక్కరలేదు. నేను వేయలేదు.

మాస్టారు ఆ డబ్బు కోసం చర్చిలో విడిగా అడిగారని తర్వాత విన్నాను. నీళ్లు పరీక్షించే మేడమ్ అంతా పరిశీలించి కాదన్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుందని అక్కడి పెద్దలు అన్నారట. మా తిరస్కారమే ఆ పిల్లకు వ్యతిరేకంగా కొత్త ఆధారమైంది.

డిసెంబరులో, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, పార్కులో సంఘం బార్బెక్యూ జరిగింది. మాస్టారు భోజనానికి రాలేదు. మినిట్స్ పుస్తకం ఇచ్చిపోవడానికి వచ్చి, నా కారు దగ్గర నిలబడ్డారు. ఇక కార్యదర్శిగా ఉండలేనన్నారు. తర్వాత, అదే గొంతుతో, "పాప పోయింది మేడమ్," అన్నారు.

"ఎప్పుడు?" అన్నాను.

ఆయన నావైపు చూశారు. నేను ఆగాల్సింది, ఆగలేదు. "మద్రాసులో మంచం ఇచ్చిన తేదీకి ముందా, తర్వాతా?"

"అది తెలిస్తే మీకేం తేలుతుంది?"

"ముందే అయితే మన ఓటుతో సంబంధం ఉండదు. తర్వాతైతే ఉంటుంది."

సరిగ్గా ఈ మాటలే అన్నాను. అవతల పిల్లలు క్రికెట్ ఆడుతూ ఔటా కాదా అని ఇంగ్లీషులో తగువులాడుకుంటున్నారు. మాస్టారు మినిట్స్ పుస్తకం నా కారు బానెట్ మీద పెట్టారు.

"టెలిగ్రాం వచ్చింది. అందులో తేదీ ఉంది. నాకు తెలుసు," అన్నారు. "మీకు చెప్పను."

"మాస్టారూ, నేను అడిగేది..."

"ఇన్నాళ్లూ మీరడిగినవన్నీ తెచ్చి చూపించాను మేడమ్. ఇది చూపించను."

కోపంగా అనలేదు. ట్రాలీ పక్కన నడిచే మనిషి రోగితో మాట్లాడినట్టు, నెమ్మదిగా అన్నారు. తర్వాత ట్రామ్ స్టాపు వైపు నడిచి వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది కంటి గది కట్టారు. మంచి గదే. ఎంతమందికి చూపు పరీక్షించారో రిజిస్టరు ప్రతులు తెప్పించి చూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నన్ను పోటీ లేకుండా మళ్లీ ఎన్నుకున్నారు.

మిషన్ ఆసుపత్రి చిరునామా నా దగ్గర ఉంది. ఒక్క ఏరోగ్రాం ఉత్తరం రాస్తే మూడు వారాల్లో ఆ తేదీ తెలుస్తుంది. రెండు జవాబులకే వీలుంది, ముందు లేదా తర్వాత. తర్వాత అని వస్తే భరించలేనేమోనని ఊరుకున్నానని కొన్నాళ్లు అనుకున్నాను. పరీక్షించి చూసుకుంటే అది నిజం కాదు. ముందే అని వస్తే నా మనసు తేలికపడుతుంది. ఆ రోజు కడుపునిండా తింటాను, హాయిగా నిద్రపోతాను, ఆ తల్లికి అదే తేదీ ఏమిటన్నది ఒక్కసారి కూడా నాకు తట్టదు. నా గురించి నాకు అంతవరకూ తెలుసు. అందుకే రాయలేదు.