పిడికెడు ఉప్పుకి కొనుక్కున్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందని మంగళవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లల కోసం ఉడికించిన గుడ్లు ఒలుస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన గుడ్లన్నీ ఒలిచాను. పిల్లలకు అన్నం పెట్టి, మూతులు తుడిచి, చాపల మీద పడుకోబెట్టాకే ఏడ్చాను. ఆ వరుస ఆమె నేర్పిందే. మన సంగతులేవైనా పిల్లలు తిన్నాకే అనేది.

జువ్వలదిన్నెకు అవతల, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది మా పాలెం. అక్కడ అంగన్‌వాడీ పెట్టినప్పుడు పది పాసైన ఆడమనిషి పాలెం మొత్తంలో లేదు. భర్త ఉద్యోగం కోసం పక్క ఊరికి కాపురం వచ్చిన టీచరమ్మకు ఆ పని ఇచ్చారు. కొడవలూరు దగ్గర వరి పండించే ఇంటి ఆడబిడ్డ. మొదట్లో చేపల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదట. ఆ సంగతి ఎవరైనా గుర్తు చేస్తే సిగ్గుపడి, ఇప్పుడు ఆ వాసన లేకపోతే అన్నం దిగడం లేదనేది.

నాకప్పుడు మూడేళ్ళు. ఇదంతా మా అమ్మ చెప్పగా విన్నదే. ఎన్నిసార్లు విన్నానంటే, నేనే చూసినట్టుంటుంది. ఆ నెల పిల్లల బరువులు చూడాల్సిన రోజున అంగన్‌వాడీ కాటా పాడైంది. అందరికంటే బక్కపిల్లను నేను, అంతకు ముందు నెలలోనే బరువుల చార్టులో ఎర్ర గీత కిందికి జారాను. టీచరమ్మకు ఆత్రం ఆగలేదు. నన్ను చంకనేసుకుని రేవుకు పోయి, చేపలు తూచే కాటా మీద కూర్చోబెట్టింది.

వాళ్ళ ఊళ్లో చిన్నప్పుడు వడ్ల కాటా ఎక్కి తనూ తమ్ముళ్ళూ వంతులేసుకుని తూగేవాళ్ళట. ఇందులో తప్పేముందో పాపం ఆమెకేం తెలుసు! మా రేవులో ఆ కాటా ఎక్కింది ఏదైనా వేలంలో అమ్ముడుపోయి ఊరు దాటాల్సిందే. బిడ్డను దాని మీద పెడితే ఆ బిడ్డ ఇంట్లో నిలవదని మావాళ్ళ భయం. మా అమ్మ చేపల గంప కింద పడేసి పరుగున వచ్చి నన్ను లాక్కుంది. మర్నాటి నుంచి పాలెంలో ఒక్క తల్లీ బిడ్డను పంపలేదు.

పది రోజులు అంగన్‌వాడీ ఖాళీ. ఇలాగే ఉంటే దాన్ని వేరే ఊరికి మార్చేస్తారని పైవాళ్ళు హెచ్చరించారు. ఆమెకు ఆ దిగులు కంటే నా దిగులే ఎక్కువైంది. రోజూ మధ్యాహ్నం గిన్నెలో గుడ్డు తెచ్చి మా గుమ్మం ముందు నిలబడేది. మా అమ్మ మొహం తిప్పుకునేది. ఆమె గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళేది. ఆ గుడ్లన్నీ కాకులే తిన్నాయి. నేను ఇంకా చిక్కిపోయాను.

పదకొండో రోజు పడవలు ఒడ్డుకొచ్చి వేలం మొదలయ్యే వేళకు ఆమె రేవులోకి వచ్చింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ కాటా మీద తనే కూర్చుంది. అందరూ నోళ్ళు తెరిచి చూస్తుంటే వేలం వేసే పెద్దాయనతో అందట: "నన్ను వేలం పెట్టన్నా. దీని మీద ఎక్కిన బిడ్డ అమ్ముడుబోతాదంటున్నారు గదా. ఆ బిడ్డకు బదులు నేను పోతా. ఎవురు కొనుక్కుంటే వాళ్ళింటి మనిషిని."

కొందరు నవ్వారు. పెద్దాయనకు ఏ ధరతో మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి మా అమ్మ చేపలకు చల్లే ఉప్పు కుప్పలోంచి ఒక పిడికెడు తీసి ఆమె ఒళ్ళో పోసింది.

"ఇదే నా పాట. ఇంకెవురూ పాడబాకండి."

మర్నాడు మా అమ్మే నన్ను ఎత్తుకెళ్ళి అంగన్‌వాడీలో దించింది. తక్కిన తల్లులూ ఒక్కొక్కరే వచ్చారు. అప్పటి నుంచి ప్రతి నెలా బరువులు చూసే ముందు టీచరమ్మ పిల్లలందరి తలల చుట్టూ ఉప్పు తిప్పి పారేసేది. దిష్టిని నమ్మేదో లేదో నాకు తెలియదు, తల్లులకు మాత్రం మనసు కుదుటపడేది.

ఇక మా ఇంటి మీద ఆమెకు హక్కు వచ్చేసింది. తనను కొనుక్కున్న ఇల్లంటూ నేరుగా వంటింట్లోకి వచ్చి చట్టి మూత తీసి చూసేది, చేపల పులుసు అడిగి వడ్డించుకునేది. నేను ఎనిమిదిలో ఉండగా మా అమ్మ నన్ను బడి మాన్పించి రొయ్యలు ఒలిచే పనికి పంపబోతే అడ్డం కూర్చుంది. "నన్ను కొన్నప్పుడు నా మాట కూడా కొనుక్కున్నావక్కా" అంది. మా అమ్మ తిట్టుకుంటూనే నన్ను బడికి పంపింది.

ఆమె రిటైరయ్యాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. మొదటి వారం నేను పిల్లలకు గట్టిగా అక్షరాలు వల్లె వేయిస్తుంటే చూసి, "ఆకలిగా ఉన్న పిల్లకి అ ఆలు చెప్పబాక" అని కేకలేసింది. బరువులన్నీ ఫోనులో ఎక్కించాలని నేను హైరానా పడుతుంటే, పొద్దున గుమ్మంలోనే ఒక్కొక్కరినీ ఎత్తుకుని చూడమంది. ఎవరు తగ్గారో చెయ్యే చెబుతుందట. నిజమే, చెబుతుంది. తర్వాత వాళ్ళ ఊరికి వెళ్ళిపోయినా, బరువులు చూసిన రోజు సాయంత్రం తప్పకుండా ఆమె ఫోన్ వచ్చేది, ఎవరు తగ్గారని. ఇక మీదట ఆ మాట నన్నెవరడుగుతారు? ఆ ఒక్క ప్రశ్న కోసం నాకు ప్రాణం కొట్టుకుంటోంది.

మా అమ్మా నేనూ బస్సెక్కి కొడవలూరు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాం. బంధువుల మధ్య ఎక్కడ నిలబడాలో మాకు తెలియలేదు. ఒక ముసలావిడ మా అమ్మను, మీరేమవుతారమ్మా అని అడిగింది. మా అమ్మ పిడికిలి కొంచెం విప్పి చూపించింది. లోపల మా రేవు నుంచి పట్టుకొచ్చిన ఉప్పు, చెమటకు ముద్దయిపోయి ఉంది.

"నేను కొనుక్కున్న మనిషమ్మా. నన్ను అడక్కుండా పోయినాది" అంది.

ఆ ఉప్పు టీచరమ్మ పక్కన పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. కొనుక్కున్న మనిషిని అక్కడ వదిలి రావడం ఇష్టం లేదేమో. తిరుగు బస్సులో నేను టికెట్ తీసుకున్నాను, నీళ్ళ సీసా మూత నేనే తీసి తాగించాను. వరి పొలాలు దాటి, సముద్రం గాలి మొహాలకు తగిలేదాకా మా అమ్మ ఆ పిడికిలి విప్పలేదు.