రెండో పీట

పోయిన నెల ఒక బుధవారం పొద్దున, పొయ్యి మీద పాలు పొంగుతున్న వేళ, మా అత్తమ్మ పోయారని దవాఖాన నుంచి కబురొచ్చింది. నేను ముందు పాలు దించి, తరువాత ఏడ్చాను.

మట్టెవాడలో మాది బియ్యం దుకాణం. వెనక ఇల్లు, ముందు వీధికి కనబడే అరుగు. మీలో ఎవరైనా సోమవారం మధ్యాహ్నం అటు పోయినవారైతే ఆమెను చూసే ఉంటారు.

ఇదంతా మొదలైంది పోలీసు చర్య జరిగి పదేళ్లు దాటిన రోజుల్లో. నేను కాపురానికొచ్చి రెండో ఏడు. పొట్లాలు కట్టే పాత పేపర్లో అత్తమ్మ ఒక బొమ్మ చూశారు. ఖాళీ గిన్నె పట్టుకున్న పిల్ల. చదువు రాదు కాబట్టి నన్ను పిలిచారు.

"గీ పిల్ల ఏ ఊరిదే?"

"మన దేశం కాదు అత్తమ్మా. సముద్రం అవతల. ఆడ కరువట."

"ఆకలి గాడ గూడ గిట్లనే ఉంటదన్నట్టు" అని ఆ కాగితం మడిచి దాచుకున్నారు.

ఆ వచ్చే సోమవారం మొదలు ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆమె తిండి జొన్న రవ్వ ఉడికించిన గట్క, ఉప్పు, పచ్చిమిరపకాయ. అదీ లోపల కాదు, అరుగు మీద, నలుగురూ చూసేటట్టు. రెండు పీటలు వేసి ఒకదాని మీద కూర్చున్నారు. నేనేమో శివుడి ఒక్కపొద్దనుకుని రెండో పీట మీద పువ్వులు, తమలపాకులు పెట్టాను. ఆమె నవ్వి తీసేశారు.

"ఒక్కపొద్దు దేవునికి బిడ్డా. ఇది మనుషులను యాది జేసుకునుడు. గా పీట, ఎవలన్న వచ్చి కూసుంటరని."

ఎవరూ రాలేదు. మామయ్యకు తల కొట్టేసినట్టుండేది. "బియ్యపోల్ల ఇంట్ల గట్క తింటాన్రంటే గిరాకి ఏమనుకుంటది?" అనేవారు. "గదే అనుకోవాలె" అనేవారు ఆమె, తలెత్తకుండా. ఒకసారి నూకలకొచ్చిన మగ్గాల ఇంటామెను కూర్చోమంటే, మూట నెత్తికెత్తుకుంటూ "మాకు దినాం సోమారమేనమ్మా" అని వెళ్లిపోయింది. ఇంట్లో ఎవరు కూర బాగాలేదన్నా అత్తమ్మ ఆ మాటే అప్పజెప్పేవారు.

నా తప్పు ఒకటుంది. పుట్టింట్లో నెయ్యి లేనిదే ముద్ద ఎత్తనిదాన్ని. ఆమె చిక్కిపోతున్నారని ఒక సోమవారం గట్కలో దొంగతనంగా నెయ్యి కలిపాను. మొదటి ముద్దకే కనిపెట్టారు. కోప్పడలేదు. గిన్నె నా వైపు జరిపి, "నీ పానం ఊకోలేదు. గని గిది నువ్వు తిను, గీడ కూసొని" అన్నారు. వీధిలో అందరి ముందూ కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. గిన్నె లోపలికి తీసుకుపోయి వంటింట్లో తిన్నాను. ఆ పూట ఆమె పస్తున్నారు.

మళ్లీ నన్ను పిలవలేదు. నేనూ వెళ్లలేదు. సిగ్గు పోయాక పిల్లలు, పిల్లల తరువాత పని. వంకలకేం, వంద. పదేళ్లు ఆమె ఖాళీ పీట పక్కన ఒక్కరే తిన్నారు. తలుపు చాటు నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

దినాలయ్యాక వచ్చిన మొదటి సోమవారం గట్క వండాను, నెయ్యి లేకుండా. రెండు పీటలూ వేశాను. ఆమె పీట మీద కూర్చోవడానికి మనసొప్పలేదు, రెండోదాని మీద కూర్చున్నాను. మామయ్య దుకాణంలోంచి ఒకసారి చూసి, మళ్లీ బియ్యం కొలవడంలో పడ్డారు. పక్కన ఆమె పీట నడుమ అరిగి నున్నగా ఉంది. నా కింది పీటకు మాత్రం వడ్రంగి ఉలి గీతలు ఇంకా చేతికి తగులుతున్నాయి.