పిల్లికి బయానా

ఆ పిల్లి మా మెట్ల మీదికి వచ్చిన మొదటి రోజే నాకు దాని మీద అనుమానం కలిగింది. వీధిపిల్లి మనిషిని చూస్తే ముందు ఆగుతుంది, తర్వాత దూరం అంచనా వేసుకుంటుంది, ఆ తర్వాత పారిపోతుంది. ఇది ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. నేరుగా వచ్చి నా సేఫ్టీ బూటుకు తల రుద్ది, పక్కకు ఒరిగి, పొట్ట చూపించింది. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి కాళ్లు. ఎడమ చెవి కొన కత్తెరతో కోసినట్టు తిన్నగా తెగి ఉంది. పొట్లాటలో తెగిన చెవి అంత తిన్నగా ఉండదు. అంటే దీన్ని ఎవరో ఒకసారి పట్టుకుని, ఏదో చేసి, వదిలిపెట్టారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన పిల్లులకు అలా గుర్తు పెడతారని తర్వాత తెలిసింది గానీ, దాంతో నా అనుమానం తగ్గలేదు. ఇంత మచ్చికైన పిల్లి ఎవరి ఇంట్లోనూ లేకుండా మా మెట్ల మీద ఎందుకుంది?

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. కూర్మన్నపాలెంలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పని చేస్తున్నాను. గేజీలు చూడడం నా ఉద్యోగం. ముల్లు వణుకుతున్న గేజీ గురించి నాకు బెంగ ఉండదు, అది పని చేస్తోందని అర్థం. ఎప్పుడు చూసినా ఒకే అంకె మీద హాయిగా నిలబడిన గేజీని మాత్రం విప్పి చూడాలి. పిల్లిని కూడా అలాగే చూశాను. పెట్టిన పెరుగన్నం సగమే తింది కాబట్టి ఇంకెక్కడో తింటోంది. ఫోన్‌లో ఫోటో తీసి వీధిలో నాలుగిళ్లకు చూపించాను. అందరూ మాది కాదన్నారు. అందరూ మరీ తొందరగా అన్నారు.

నాతో పాటు గదిలో ఉండే స్నేహితుడిది విజయనగరం వైపు పల్లెటూరు. వాళ్ల నాన్న మినుములు, పెసలు పండిస్తాడు. వాడు నా దర్యాప్తు చూసి నవ్వాడు.

"అది పిల్లి బావా, దొంగ కాదు. నీకు నచ్చితే ఉంచుకో, లేపోతే వొగ్గేయ్. ఈ ఎంక్వైరీ ఏటి?"

ఉంచుకునేవాళ్లమేమో. కానీ మాకు గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ కింద ఉంటూ, మేడ మీద నాటుకోళ్లు పెంచుతుంది. పిల్లి వచ్చిన కొద్ది రోజులకు కోడిపిల్లలు మాయం కావడం మొదలైంది. నేను కోళ్ల గంప పక్కన గోడకున్న కన్నాన్ని టేపుతో కొలిచి, పిల్లి తల అందులో పట్టదని, ఇది పందికొక్కు పని అయ్యుంటుందని ఆవిడకు వివరంగా చెప్పాను. ఆవిడ చీపురు ఆపి అంతా విన్నది.

"పిల్లికి లాయరువా ఏటి బాబూ నువ్వు?" అంది. తర్వాత సంగతి చెప్పేసింది. ఆదివారం అల్లుడొస్తున్నాడు. పిల్లిని గోనెలో వేసి, దారి తెలియకుండా నాలుగు చుట్లు తిప్పి, హార్బర్ దగ్గర వదిలేస్తాడు. "సేపలుంటాయి. తిని బతుకుద్ది."

చేపల రేవులో పిల్లుల్ని నేను చూశాను. ఒక్కోదానికి ఒక చెవి ఉండదు, ఇంకోదానికి ఒక కన్ను ఉండదు. అవి పడవ దిగే ప్రతి గంప కోసం కొట్టుకుంటాయి. చుట్టూ కుక్కలు. మనిషి కనిపిస్తే పొట్ట చూపించే పిల్లి అక్కడ ఎన్నాళ్లో బతకదు. ఆదివారంలోగా దానికో చోటు చూడాలి.

చోటు చెప్పింది నా స్నేహితుడే. వన్ టౌన్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టుకి వాళ్ల నాన్న ఏటా సరుకు వేస్తాడు. కొట్టు పెద్దాయన ముస్లిం. ఆయనకు గోడౌన్‌లో ఎలకల బాధ ఎక్కువగా ఉంది, పిల్లి కావాలంటున్నాడట. ఆ మాట నాకు నచ్చలేదు. వన్ టౌన్‌లో సందుకో పది పిల్లులు ఉంటాయి. ఉన్నవాటిని వదిలి, కూర్మన్నపాలెం పిల్లి కోసం ఎదురుచూసే మనిషిని ముందు చూసి రావాలనిపించింది. పిల్లిని గదిలో ఉంచి మేమిద్దరమే వెళ్లాం.

ఆటో కూడా పట్టని సందులో, పాత మేడ కింద ఉంది కొట్టు. పెద్దాయన కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనా నన్ను అంతే జాగ్రత్తగా చూశాడు. సందులో పిల్లులు చేపల బజారులో తిని, ఇక్కడికి పడుకోవడానికి మాత్రమే వస్తాయని, తనకు మనుషుల్ని అంటిపెట్టుకుని ఉండేది కావాలని చెప్పాడు. తర్వాత నన్ను అడిగాడు, అంత మంచి పిల్లయితే నువ్వెందుకు వదిలించుకుంటున్నావని. జబ్బు ఉందా, పాలు దొంగిలిస్తుందా, కరుస్తుందా, పారిపోయి వెనక్కి వచ్చేస్తుందా. ఒక్కోదానికి జవాబు చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

నేను గోడౌన్ చూస్తానన్నాను. మా పనిలో ఏ యంత్రాన్నయినా నడపడానికి ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాం. వెనక తలుపు, మురుగు కాలవ, కిటికీ చువ్వల మధ్య ఎడం, విద్యుత్ తీగలు, నీళ్లు. ఆయన నా వెనకే నడుస్తూ, "పిల్లినిస్తన్నావా, పిల్లనిస్తన్నావా బేటా?" అన్నాడు. నా స్నేహితుడు బస్తాల వెనక్కి వెళ్లి నవ్వుకున్నాడు.

పెసల బస్తాల కింద ప్లాస్టిక్ పళ్లెం కనిపించింది. అందులో గులాబీ రంగు ముక్కలు. ఎలకల మందు. అలాంటి పళ్లేలు గోడల వెంట ఇంకా ఉన్నాయి.

మందు తిన్న ఎలక అక్కడే చావదు. కొన్నాళ్లు మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది. పిల్లికి అంత సులువుగా దొరికే ఎలక ఇంకొకటి ఉండదు. దాన్ని తిన్న పిల్లీ పోవచ్చు. ఈ మాట చెప్పి, మందు తీసేసిన వారానికి పిల్లిని తెస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముందు పిల్లిని తెమ్మన్నాడు, అది గడప తొక్కగానే మందు తీయిస్తానన్నాడు.

"మందు తీసేసి నాను కూకుంటాను, నువ్వు రావు. ఎలకలు నా బస్తాలు పండగ సేసుకుంటాయి. అప్పుడు నీ ఇల్లు ఎక్కడని ఎతుక్కోవాలి?"

"ముందు నేను తెస్తాను, మీరు తీయరు. అప్పుడు?"

మా యంత్రాల్లో ఇంటర్‌లాక్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఒక వాల్వు మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఇక్కడ రెండు వాల్వులూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోయాయి. నేను ఫోన్ తీసి, బయానాగా కొంత పంపిస్తాను, పిల్లిని తెచ్చాక తిరిగి ఇవ్వండి అన్నాను. ఆయన ముఖం మారింది.

"పిల్లికి డబ్బు పుచ్చుకోం, ఇవ్వం. మాలో అది లేదు. ఫోన్ లోపల పెట్టు."

నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. డబ్బు వద్దనే వ్యాపారిని నేనెప్పుడూ చూడలేదు. వెళ్లిపోదాం అన్నట్టు స్నేహితుడి వైపు చూశాను. వాడు కదల్లేదు. ఇలాంటి బేరాలు వాడికి అలవాటే. పంట కొనేవాడు బయానా ఇస్తే, ఇక ఆ సరుకు ఎవరూ ముట్టుకోరు, అమ్మేవాడు ఇంకొకరికి ఇవ్వడు.

"బయానా మీరే ఇవ్వండి బాబాయ్," అన్నాడు వాడు. "కొనేవారే కదా ఇవ్వాల. డబ్బులొద్దు. ఆ మందు ఇచ్చీండి."

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లేచి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, పళ్లేలు ఒక్కొక్కటే తీసి ముక్కల్ని ఇంకో సంచిలో వేసి, మూతి కట్టి నా చేతిలో పెట్టాడు. అప్పటిదాకా బోనులు పెట్టుకుంటానన్నాడు. నా పిల్లి కోసం ఎలకల మందు బయానాగా పుచ్చుకుని వన్ టౌన్ సందులో బండెక్కాను.

ఇంటికి వచ్చి ఆ సంచిని పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇంటావిడకు చోటు కుదిరిందని చెబితే, నా ముఖం చూసి ఇంకో ఆదివారం దాకా గడువిచ్చింది. పిల్లి గదిలోనే ఉండాలి, మేడ మీద కనిపించకూడదు. అది వారమంతా నా మంచం మీద పడుకుంది. పెట్టిందంతా తినడం మొదలుపెట్టింది. నేను మాత్రం పళ్లేల సంగతే ఆలోచించాను. ఆయన ఇచ్చినవి నాకు కనిపించినవి. కనిపించనివి?

వారం పూర్తయ్యేలోపు చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. పెద్దాయన నన్ను చూసి తాళాల గుత్తి తీసుకుని ముందు నడిచాడు. గోడల వెంట బోనులున్నాయి, మందు లేదు. వెనక గోడకు ఆనించి కంది బస్తాల వరస ఒకటి ఉంది. దాని వెనక ఏముందో వంగి చూసినా కనిపించదు. టార్చి వేశాను. అయినా కనిపించలేదు. నేను అక్కడి నుంచి కదల్లేదు.

"నువ్వు నిద్రలో కూడా ఒక కన్ను తెరుసుకునే ఉంటావు కావాల," అన్నాడు ఆయన. చొక్కా విప్పి బనీనుతో నిలబడ్డాడు. "పట్టు అటు."

ఒక్కో బస్తా ఇద్దరం పట్టుకుని పక్కకు లాగాం. ఆ వయసులో ఆయన నాకంటే గట్టిగా లాగాడు. వరస సగం తీసేసరికి గోడ మూలలో దుమ్ము కప్పిన పళ్లెం బయటపడింది. అందులో గులాబీ ముక్క ఉంది. ఒక అంచు కొరికి ఉంది. కొరికిన చోట దుమ్ము లేదు.

ఆయన బస్తా మీద కూర్చుండిపోయాడు. పోయినేడాది పెట్టించి మరిచిపోయినట్టున్నాడు. "ఇదుందని తెలీదు బేటా," అన్నాడు. నమ్మాను. తెలిసినవాడు బస్తాలు లాగడు.

ఆ ముక్క తీసేసినా, దాన్ని కొరికిన ఎలక ఇంకా ఎక్కడో తిరుగుతూ ఉండొచ్చు, అంటే ఇంకో వారం ఆగాలి. ఆదివారం అల్లుడు వస్తాడు. ఆ గడువు సంగతి చెప్పగానే ఆయన ఇంటావిడ నంబరు అడిగాడు. కలిపి ఇచ్చాను. తన పేరు, కొట్టు, తండ్రి కాలం నుంచి ఉన్న వ్యాపారం అన్నీ చెప్పి, చివరికి అసలు మాట అన్నాడు.

"అమ్మా, ఆ పిల్లికి నాను బయానా ఇచ్చేశాను. అది నా సరుకు. మీ ఇంట్లో ఇంకో వారం ఉంటాది. జాగ్రత్తగా సూడండి."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని నన్ను కసిరింది. బయానా అయిపోయిన దాని మీద తమ ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యరట. అల్లుడికి కూడా చెప్పేసిందట. మర్నాటి నుంచి రోజూ ఒక గిన్నెలో చేప తలలు పైకి పంపింది. కోడిపిల్లలు మాయమవుతూనే ఉన్నాయి. కన్నానికి రేకు కొట్టిస్తానంది. ఆ రేకు నేనే కొట్టాను.

రెండో వారం కూడా గడిచాక రెండు కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, కేబుల్ టైలతో బిగించి, అందులో పిల్లిని తీసుకెళ్లాం. గోనె అయితే తొందరగా అయిపోయేదని స్నేహితుడు దారి పొడవునా సణిగాడు. గోడౌన్ తలుపు మూసి టైలు కోశాను. పిల్లి బయటికి వచ్చి, పెద్దాయన కాళ్ల చుట్టూ ఒకసారి తిరిగి, తిన్నగా వెనక గోడ వైపు వెళ్లి, బస్తాల వెనక దూరింది.

నేను దాని వెనకే వెళ్లాను. ఆయన కూడా లేచి వచ్చాడు. కాసేపటికి అది మీసాల నిండా దుమ్ముతో బయటికి వచ్చింది. దవడలు కదులుతున్నాయి. ఇద్దరం ఒకేసారి మోకాళ్ల మీద కూర్చున్నాం. నేను దాని దవడ పట్టుకుని నోరు తెరిచాను. ఆయన ఫోన్ టార్చి లోపలికి వేశాడు.

కందిపొట్టు.

"ఇంకోపాలి సూడు," అన్నాడు ఆయన, టార్చి ఇంకాస్త దగ్గరికి పెట్టి.