ట్రాలీలో దిగిన డికాక్షన్

మా కాలనీ వెంకటరత్నం గారు మొన్న గురువారం ఉదయం గుండెపోటుతో దివంగతులయ్యారు. ఆయనింటికి కాఫీకని చెప్పులు వేసుకుంటుండగా ఆ దుర్వార్త నా చెవిన పడింది. ఆ చెప్పులతోనే ఆయనింటికి పరుగెత్తాను.

ఆయన గుడివాడ వైపు వారు. కట్టడాల పర్యవేక్షణలో జీవితం గడిపిన నిష్ఠాగరిష్ఠుడు. ఎల్బీనగర్ అవతల ముళ్లపొదల మధ్య ఈ ప్లాట్లు వెలిసినప్పుడు, తన ఇల్లు పూర్తయ్యేదాకా పాత ట్రాక్టర్ ట్రాలీకి టార్పాలిన్ కప్పుకొని అందులోనే నివసించారు. కిరోసిన్ స్టవ్, ఇత్తడి ఫిల్టర్, మడతమంచం, అంతే ఆయన సంసారం. భార్య సుబ్బలక్ష్మి గారు గృహప్రవేశానికే వచ్చారు.

పక్క ప్లాటు నాది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన బడిపంతులును, చాయ్ తప్ప ఎరుగను. నేను తొలిసారి చూసినప్పుడు ఆయన ట్రాలీలో మేస్త్రీల రసమట్టం పెట్టి, దాని బుడగ నడిమికి వచ్చేదాకా చక్రం కింద ఇటుకలు సర్దుతున్నారు.

“గోడ లేకుండ మట్టం ఎందుకు జూస్తున్నరు సార్?” అన్నాను.

“కాఫీకండీ. ఫిల్టరు ఒరిగితే నీళ్లన్నీ ఓ పక్కనుంచే జారిపోతాయి. డికాక్షన్ పల్చబడుద్ది.”

బోరు నీళ్లు ఉప్పన. అందుకని కొత్తపేట బావి నుంచి సైకిల్ మీద నీళ్లు తెచ్చేవారు. డికాక్షన్ దిగుతున్నంతసేపు ఎవరినీ ట్రాలీ ఎక్కనిచ్చేవారు కాదు. ఆ చాదస్తానికి నవ్వుకునేవాణ్ని. గ్లాసు చేతికందాక మాత్రం చివరి చుక్కదాకా తాగేవాణ్ని.

నా గోడ నడుమెత్తు లేచాక వరసలు ఒకవైపు వాలాయని తేలింది. మేస్త్రీ పత్తా లేడు. నాకు ధైర్యం చెడింది.

“నాతోని గాదు సార్. ప్లాటు అమ్మేస్త. సైదాబాద్ల కిరాయికే ఉంట.”

“డికాక్షన్ దిగనీండి, మాట్లాడుకుందాం” అన్నారు.

కాఫీ అయ్యాక రసమట్టంతో వచ్చి గోడను వరసవరసా పరీక్షించారు. “కింద బానే ఉందండీ. పై నాలుగు వరసలు విప్పితే చాలు.” సాయంత్రానికి ఇద్దరం విప్పాం. మర్నాడు దగ్గరుండి కట్టించి, రసమట్టం నాకే ఇచ్చేశారు. ఈ రోజు నేను సొంత ఇంట్లో ఉన్నానంటే అది ఆయన చలవే.

మృత్యువు సంభవించిన ఇంట పొయ్యి వెలిగించరు గనుక, గురువారం కాఫీ మా ఇంటి నుంచే వెళ్లింది. నేనే పెట్టాను. డికాక్షన్ పల్చగా దిగింది. ఆ రసమట్టం తెచ్చి వంటగట్టు మీద పెట్టి చూశాను. బుడగ సరిగ్గా నడుమనే ఉంది. గట్టు తప్పు కాదు. పొడి నేనే తక్కువ వేశాను.

సుబ్బలక్ష్మి గారు ఒక గుక్క తాగి, “ఆయనైతే పారబోసి మళ్లీ పెట్టమనేవారండీ” అన్నారు. గ్లాసు మాత్రం ఖాళీ చేశారు.

ఆ పుణ్యమూర్తికి నా అశ్రునివాళి. రేపు మళ్లీ పెడతాను, ఆయన నేర్పినట్టే. బాగాలేదని చెప్పేవారు ఇక లేరు.